నాన్నగారు ఇప్పుడే అన్నీ రాసేస్తానంటున్నారు: వీలునామానా, గిఫ్టా, పంపకమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరపాటుంటే సరిదిద్దండి. నాన్నగారికి 76, అమ్మగారికి 70. తణుకు దగ్గర ఊళ్ళో 4 ఎకరాల వరి చేను, 1981లో నాన్నగారికీ బాబాయిగారికీ జరిగిన పంపకాల్లో వచ్చింది. టౌన్లో నాన్నగారు ఉద్యోగం చేస్తూ కట్టుకున్న ఇల్లు. హైదరాబాదులో అమ్మగారి పేరున ఫ్లాటు. బ్యాంకులో కొంత డిపాజిట్. మీరు పెద్దవారు, తమ్ముడు డాలస్‌లో, చెల్లెలికి 2002లో పెళ్ళయింది, విశాఖలో ఉంటుంది. నాన్నగారేమో "నేనుండగానే మీ అన్నదమ్ములిద్దరికీ గిఫ్ట్ రాసేస్తా, ఇల్లు మనవడి పేర పెడతా, ఆడపిల్లకి పెళ్ళప్పుడే ఇచ్చేశాం కదా" అంటున్నారు. ఏ కాగితం రాయించాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. ఇప్పుడే గిఫ్ట్ రాయించకండి. ఇంటికీ డిపాజిట్లకూ నాన్నగారు రిజిస్టర్డ్ వీలునామా రాయాలి. ఫ్లాటుకి అమ్మగారు విడిగా తన వీలునామా రాయాలి. చేను సంగతి ఆ 1981 దస్తావేజు చదివితే గానీ తేలదు. అది పిత్రార్జితం, అంటే తరతరాలుగా వచ్చిన ఉమ్మడి ఆస్తి అని తేలితే చెల్లెలు కూడా కూర్చుని సంతకం పెట్టే పంపకమే చెయ్యాలి. ఇల్లు మనవడి పేరు మీద పెట్టే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి.

ఇక కారణాలు. కాస్త పొడుగవుతుంది, టీ తెచ్చుకుని చదవండి.

మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద బల్ల వేసుకుని జీవితమంతా రాశాడు. నేను సివిల్ లాయర్ని, 27 ఏళ్ళ ప్రాక్టీసు. ఆయన రాసిన కాగితాల మీదే నేను దావాలు నడిపిన సందర్భాలూ ఉన్నాయి, అది వేరే కథ. ఈ రెండు తరాల్లో నేను చూసిందేమిటంటే, జనం ముందు కాగితం పేరు ఎంచుకుంటారు, తర్వాత ఆస్తి గురించి ఆలోచిస్తారు. "ఫలానావాళ్ళు గిఫ్ట్ చేయించారట, మనమూ చేయిద్దాం" అని వస్తారు. అసలు ముందు అడగాల్సింది ఒక్కటే: ఆ ఆస్తి ఎక్కడి నుంచి వచ్చింది? మీ ఇంట్లో ఉన్న నాలుగు ఆస్తులకి నాలుగు రకాల జవాబులున్నాయి.

చేనుతో మొదలెడదాం, చిక్కంతా దాన్లోనే ఉంది.

మన వాళ్ళలో గట్టిగా నాటుకుపోయిన ఒక నమ్మకం ఉంది, "తాత ఆస్తి మనవడికే, తండ్రికి అమ్మే హక్కు లేదు" అని. ఇది సగమే నిజం. మీ తాతగారు ఆ చేను తన కష్టంతో కొనుక్కుని, 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, అది హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద ఆయన వారసులకి వస్తుంది. అలా నాన్నగారికి వచ్చిన వాటా నాన్నగారి సొంతం. దాని మీద మీకు గానీ, తమ్ముడికి గానీ, చెల్లెలికి గానీ పుట్టుకతో వచ్చే హక్కు ఏమీ లేదు. సుప్రీంకోర్టు 1986లోనే ఈ మాట చెప్పింది, ఆ తర్వాతా చాలాసార్లు చెప్పింది. అప్పుడు చేనుని కూడా ఇంటితో పాటు వీలునామాలో పెట్టేయొచ్చు.

అలా కాకుండా తాతగారికి ఆయన తండ్రి నుంచి వచ్చి, అన్నదమ్ములు ఉమ్మడిగా అనుభవిస్తూ 1981లో పంచుకుని ఉంటే కథ వేరు. పంపకంలో నాన్నగారికి వచ్చిన భాగం బాబాయిగారి శాఖతో తెగిపోయింది గానీ, నాన్నగారికీ ఆయన పిల్లలకీ మధ్య అది ఇంకా ఉమ్మడి ఆస్తే. ఇంకొకటి కూడా ఉంది, తాతగారు బతికుండగానే తన స్వార్జితాన్ని కొడుకులిద్దరికీ ఆయనే పంచి ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు ఆయన ఏ ఉద్దేశంతో ఇచ్చాడో కాగితంలోని మాటల్ని బట్టి చూడాలి, దాన్ని ఎవరైనా లాయరు మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే.

అందుకే ఆ దస్తావేజు బయటికి తీయండి. మొదటి పేజీ అంతా పేర్లు, తండ్రి పేర్లు, కాపురం ఉండే ఊరు ఉంటాయి. సాధారణంగా రెండో పేజీలో వస్తుంది అసలు వాక్యం: "మన తండ్రిగారి స్వార్జితమై..." అనో, "మన వంశ పారంపర్యముగా సంక్రమించి మనము ఉమ్మడిగా అనుభవించుచున్న..." అనో. ఆ ఒక్క వాక్యం మీద చెల్లెలి వాటా ఉందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది. పాత చేతిరాత అర్థం కాకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. దస్తావేజే దొరక్కపోతే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి, నంబరు దాన్లో దొరుకుతుంది.

సరే, పిత్రార్జితం అనే తేలిందనుకుందాం. అప్పుడు చెల్లెలి సంగతి. "2005 చట్టానికి ముందే పెళ్ళైపోయింది కదా" అని మీరు రాశారు. చాలామంది అలాగే అనుకుంటారు. కానీ మన రాష్ట్రంలో 2005 దాకా ఆగనక్కర్లేదు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ రోజుకి పెళ్ళికాని ఆడపిల్లలందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. మీ చెల్లెలి పెళ్ళి 2002లో. అంటే చిన్నప్పటి నుంచే ఆమెది వాటా. 1985కి ముందు పెళ్ళైన ఆడపిల్లలకి ఆ సవరణ వర్తించలేదు, వాళ్ళకి 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ తోడొచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న గొడవకి 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తెర దించింది, తండ్రి బతికి ఉండనక్కర్లేదు అని. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ కాగితంతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలను మాత్రం ఇప్పుడు తిరగదోడడానికి లేదు. మీ ఇంట్లో తండ్రీ పిల్లల మధ్య అలాంటిదేమీ జరగలేదు.

కట్నం, బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరం, ఇవేవీ చట్టం దృష్టిలో వాటా కావు. పెళ్ళప్పుడు తెల్ల కాగితం మీద "నాకు ఇక ఏ హక్కూ లేదు" అని రాయించుకున్నా అది చెల్లదు. హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ కావాలి, అదీ ఆమె తెలిసి, ఇష్టపడి ఇవ్వాలి. ఇస్తే మంచిదే, చాలామంది ఆడపిల్లలు ఇస్తారు కూడా. కానీ అడిగే పద్ధతి ఒకటుంటుంది. తమ్ముడు సెలవులకొచ్చిన రెండో రోజున కారెక్కించి తిన్నగా రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళి "ఇక్కడ సంతకం పెట్టు అమ్మా" అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఏడెనిమిదేళ్ళు నడిచిన దావాల్లో నేను చూసినవి చాలావరకు భూమి కోసం మొదలైనవి కావు, ఆ రోజు కారులో జరిగినదానికి మొదలైనవి.

ఇక ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. పిత్రార్జితం పంపకంలో మీ అమ్మగారికి వాటా రాదు. ఉత్తరాదిన భర్తా కొడుకులూ పంచుకుంటే భార్యకీ ఒక భాగం తీస్తారు, మన ఆంధ్ర, మద్రాసు వైపు ఆ ఆచారం ఎప్పుడో పోయింది. కాబట్టి 4 ఎకరాలు నాన్నగారికి, మీకు, తమ్ముడికి, చెల్లెలికి తలా ఎకరం. అమ్మగారికి సున్నా. తర్వాత నాన్నగారు వీలునామా లేకుండా పోతే ఆయన ఎకరం భార్యకీ ముగ్గురు పిల్లలకీ సమానంగా, తలా పాతిక సెంట్లు. అంటే యాభై ఏళ్ళు ఆ చేను మీద కూలీలకి క్యారేజీలు మోసిన మనిషికి మిగిలేది పాతిక సెంట్లు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది నాన్నగార్లు కాసేపు మాట్లాడరు. అందుకని పంపకం చేసేటప్పుడే నాన్నగారి భాగం అమ్మగారికి వెళ్ళేలా ఆయన వీలునామాలో రాయించండి. ఉమ్మడి ఆస్తిలో తన వాటాని వీలునామా రాసుకునే హక్కు ఆయనకి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఇచ్చింది.

వీలునామా రాయొచ్చు, కానీ అదే వాటాని పంచుకోకుండా, మిగతావాళ్ళు ఒప్పుకోకుండా గిఫ్ట్ ఇవ్వడానికి లేదు. 1987లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది, అదీ మన ఆంధ్ర కేసే, తమ్మా వారిది. అంటే నాన్నగారు చెప్తున్నట్టు చేను మీ ఇద్దరికీ గిఫ్ట్ రాసేస్తే, రేపు చెల్లెలో, ఆమె పిల్లలో కోర్టుకెళ్తే ఆ కాగితం నిలబడదు.

తమ్ముడి విషయంలో ఇంకో మెలిక ఉంది, దీని మీద డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) రూల్స్ ప్రకారం విదేశాల్లో ఉండే భారతీయులు గానీ, ఓసీఐ కార్డున్నవాళ్ళు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళు) గానీ వ్యవసాయ భూమిని కొనకూడదు, గిఫ్టుగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావొచ్చు. ఇల్లు, ఫ్లాటు అయితే దగ్గర బంధువుల నుంచి గిఫ్టుగా తీసుకోవచ్చు. కాబట్టి డాలస్ తమ్ముడికి చేను గిఫ్ట్ సెటిల్మెంట్ రాయడం మొదటికే తప్పు, వీలునామా ద్వారా రావడం ఒప్పు. పుట్టుకతో ఉన్న వాటా పంపకంలో విడగొట్టుకోవడమూ వేరే సంగతి, అది కొత్తగా సంపాదించడం కాదు. రిజిస్ట్రేషన్ దగ్గర ఎవరూ వీసా అడగరు కాబట్టి గిఫ్ట్ కాగితం రిజిస్టరైపోతుంది, తర్వాత అమ్మి ఆ డబ్బు అటు పంపాల్సిన రోజున బ్యాంకు వాళ్ళు, ఆడిటరు అడుగుతారు.

పంపకానికి తమ్ముడు రాలేకపోతే జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం) పంపొచ్చు. అక్కడ నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించో, కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించో పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు వేయించుకోవాలి. బీరువాలో పెట్టి మర్చిపోయి ఆరు నెలలకి తెస్తే మళ్ళీ మొదటికొస్తుంది. జీపీఏ ఇచ్చిన మనిషి పోతే అదీ పోతుంది, ఇది చాలామందికి తెలియదు.

ఇప్పుడు ఇల్లు. ఇది నాన్నగారి స్వార్జితం, ఎవరికి కావాలంటే వాళ్ళకి రాసుకోవచ్చు, మీలో ఎవరికీ అడిగే హక్కు లేదు. మరి గిఫ్ట్ ఎందుకు వద్దంటున్నాను?

ఆరేడేళ్ళ కిందట ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్లో గిఫ్ట్ సెటిల్మెంట్ దస్తావేజు, ఒక మందుల చీటీ. పెద్దకొడుకుకి ఇల్లు రాసిచ్చారు. రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత కింది వాటాలో అద్దెకి పెట్టి ఈయన్ని పై గదిలోకి మార్చారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేరు. నేను దస్తావేజు చదివాను. "నీవు నా పెద్ద కుమారుడవైనందున నీయందు గల ప్రేమాభిమానములచే..." అని మొదలై "నేటి నుండి సర్వహక్కులతో అనుభవించుకొనవలసినది" అని ముగిసింది. మధ్యలో తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న మాట ఒక్కటి లేదు. "ఎందుకు రాయించలేదు మాస్టారూ" అంటే, "వాడు పక్కనే కూర్చున్నాడు, ఎలా చెప్పను" అన్నారు.

ఆ మొహమాటమే కొంప ముంచేది. తల్లిదండ్రుల సంక్షేమ చట్టం 2007లో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చి, వాళ్ళు చూడకపోతే ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయొచ్చు. కానీ 2022లో సుప్రీంకోర్టు ఆ షరతు ఉన్నట్టు చూపించాల్సిందే అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో కాస్త ఉదారంగా చూడమంది, స్వాధీనం కూడా ఇప్పించొచ్చు అంది. ఒక మాట అటూ ఇటూ అయితే డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి. మామూలు దారిలో గిఫ్ట్ రద్దు కావాలంటే రాసినవాళ్ళొక్కరి ఇష్టం చాలదు. పుచ్చుకున్నవాళ్ళు ఒప్పుకోవాలి, లేదా కోర్టు చెప్పాలి.

వీలునామా అయితే ఆ బెంగ లేదు. నాన్నగారు ఉన్నంతకాలం ఇల్లు ఆయనదే, అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, కోపమొస్తే ఇంకో వీలునామా రాయొచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. మీ గురించి నేనేం అనడం లేదు, మీరు చూసుకోరని కాదు. నాన్నగారి కంటే ముందు మీకే ఏదైనా అయితే? ఆస్తి మీ భార్యకీ, పిల్లలకీ, అమ్మగారికీ పోతుంది, నాన్నగారు ఒకటో తరగతి వారసుల్లో లేరు. ఆయన కట్టిన ఇంట్లో ఆయన అతిథి అవుతారు. ఇలాంటిది రెండు కుటుంబాల్లో చూశాను.

అయినా గిఫ్టే రాస్తానని పట్టుబడితే, కనీసం ఆయనకీ అమ్మగారికీ జీవితాంతం అనుభవ హక్కు ఉంచుకుని, పోషణ షరతు స్పష్టంగా రాయించండి. రాయించేటప్పుడు మీరు గది బయట కూర్చోండి.

అమ్మగారికి ఇల్లు ఎలా ఇవ్వాలన్నది మరో ప్రశ్న. మన వీలునామాల్లో అలవాటుగా రాసేది, "నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె అనంతరం నా కుమారులు..." అని. దీన్లో ఒక చిక్కుంది, 1977 నాటి తులసమ్మ కేసు. అదీ మన ఆంధ్రదే. భర్త ఆస్తి నుంచి భార్యకున్న పోషణ హక్కు కింద ఆస్తి ఇస్తే, కాగితంలో ఎన్ని పరిమితులు రాసినా హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అది ఆమె పూర్తి సొంతం అయిపోతుందని కోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఈ విషయం మీద తీర్పులు అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, అమ్మగారికి పూర్తి హక్కుతో రాసేయండి, ఆమె తన వీలునామాలో పిల్లలకి రాస్తారు. ఇద్దరూ ఒకే రోజు రాయించుకోవచ్చు. ఇద్దరికీ కలిపి ఒకే కాగితం మాత్రం వద్దు, ఒకరు పోయాక రెండోవారు మార్చుకోవచ్చా లేదా అని తగాదా వస్తుంది.

మనవడి సంగతి. మీ అబ్బాయికి 11 ఏళ్ళన్నారు. మైనరు పేరు మీద స్థిరాస్తి పెడితే, వాడికి 18 నిండేదాకా కోర్టు అనుమతి లేకుండా మీరు అమ్మలేరు, తాకట్టూ పెట్టలేరు. 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ అది. మా దగ్గరికి ఒక తండ్రి వచ్చాడు, తాత మనవరాలి పేరు మీద పెట్టిన సైటు అమ్మి ఆ పిల్ల చదువుకే కడదామని. పిల్ల కోసమే అమ్ముతున్నామని రుజువు చేసి అనుమతి తెచ్చుకునేసరికి ఫీజు గడువు దాటిపోయింది, వడ్డీకి తెచ్చి కట్టాడు. అదీగాక మీ అబ్బాయికి రాస్తే తమ్ముడి పిల్లలకి? చెల్లెలి పిల్లలకి? "నా మనవలందరికీ, ఇకముందు పుట్టబోయేవారికీ" అని కొంతమంది ధారాళంగా రాస్తారు, పుట్టని వాళ్ళకి ఆస్తి రాయడానికి చట్టంలో గట్టి నిబంధనలున్నాయి, సరిగ్గా రాయకపోతే ఆ భాగమే చెల్లదు. మనవల మీద ప్రేముంటే వీలునామాలో డిపాజిట్ల నుంచి తలా కొంత రాయమనండి, చక్కగా ఉంటుంది.

ఫ్లాటు అమ్మగారి పేరున ఉంది కాబట్టి అమ్మగారిదే, నాన్నగారి వీలునామాలో దాన్ని కలపకండి. ఇలా కలిపేసిన వీలునామాలు నెలకొకటి చూస్తాను. అమ్మగారు ఏమీ రాయకపోతే భర్తకీ ముగ్గురు పిల్లలకీ సమానంగా పోతుంది.

వీలునామా ఎలా రాయాలంటే, స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి. కోటి రూపాయల ఆస్తైనా ఫీజు నామమాత్రమే, స్టాంపు డ్యూటీ లేదు. కదలలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికొచ్చి కూడా చేస్తారు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి, నాన్నగారు సంతకం పెట్టడం వాళ్ళు చూడాలి, ఆయన చూస్తుండగా వాళ్ళు పెట్టాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, నాన్నగారి స్నేహితుల్నే సాక్షులుగా పెట్టడం. ఒక కేసులో వీలునామా రాసినాయన 91 ఏళ్ళు బతికాడు, ఇద్దరు సాక్షులూ ఆయన కంటే ముందే పోయారు. వాళ్ళ సంతకాలు గుర్తుపట్టేవాళ్ళ కోసం పాత సహకార సంఘం రిజిస్టర్లు వెతికాం. సాక్షులు నలభై, నలభై ఐదేళ్ళ వాళ్ళైతే మంచిది, దగ్గర్లో ఉండేవాళ్ళు, ఆస్తి పొందేవాళ్ళు కానివాళ్ళు. అదే వారంలో ఫ్యామిలీ డాక్టరు దగ్గర మతి స్థిమితంగా ఉన్నారని ఒక సర్టిఫికెట్ తీసుకోండి.

ఒకరికి తక్కువ రాస్తున్నా, అసలు రాయకపోయినా, వాళ్ళ పేరు వదిలేయకండి. "నా కుమార్తెకు ఫలానా ఇచ్చి ఉన్నందున" అని కారణం రాయించండి. పేరే లేని వీలునామా చూసి జడ్జిగారికి మొదట వచ్చే అనుమానం, ఈ పెద్దాయనకి కూతురున్న సంగతి గుర్తుందా అని. అలాగే చివర్లో "ఇందులో చెప్పని నా ఇతర ఆస్తులన్నీ ఫలానావారికి" అని ఒక వాక్యం ఉండాలి, లేకపోతే మర్చిపోయిన పాత పోస్టాఫీసు సర్టిఫికెట్ కోసం అందరూ మళ్ళీ సంతకాలు పెట్టాల్సి వస్తుంది.

డిపాజిట్లకి నామినీ ఉన్నారు కదా అంటారు. నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బివ్వాలో చెప్పే పేరు, అంతే. తీసుకున్నాక వారసులకి లెక్క చెప్పాలి. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో కూడా అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురిదాకా నామినీలను, ఎవరికెంత శాతమో కూడా పెట్టుకోవచ్చు. వీలునామాలో ఉన్న పేర్లూ నామినీ పేర్లూ ఒకటే ఉండేలా చూసుకోండి, సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

పన్ను గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. వారసత్వ పన్ను మన దేశంలో 1985లోనే పోయింది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకొచ్చే గిఫ్టుకి ఆదాయపు పన్ను లేదు. అమ్మినప్పుడు మాత్రం లాభం మీద పడుతుంది. తమ్ముడు అమెరికాలో పన్ను కట్టేవాడు కాబట్టి, ఏడాదిలో లక్ష డాలర్లు దాటి ఇక్కడి నుంచి గిఫ్టుగానో వారసత్వంగానో వస్తే అక్కడ ఫారం 3520 వేయాలి, పన్ను కోసం కాదు, చెప్పడం కోసం. చెప్పకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది. ఈ మాట వాళ్ళ ఆడిటరుతో మాట్లాడమనండి.

చివరగా రెవెన్యూ రికార్డు. 1981 పంపకం తర్వాత చేను 1బిలో (ఏ భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు) నాన్నగారి పేరుకి మారిందా, లేక ఇంకా తాతగారి పేరే ఉందా? ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో చూస్తే రెండు నిమిషాల పని. డెల్టాలో మనుషులు మూడు తరాలు దున్నుతూ, శిస్తు కడుతూ, రికార్డులో మాత్రం ముత్తాత పేరుతోనే ఉంటారు. పేరు మార్చడానికి నాన్నగారు స్వయంగా వెళ్ళి సంతకం పెట్టగలిగే రోజుల్లోనే ఆ పని పూర్తి చేయించండి. సర్వే నంబర్లు, విస్తీర్ణం దస్తావేజుతో సరిపోతున్నాయో చూడండి, రీసర్వే జరిగిన ఊరైతే నంబరే మారి ఉంటుంది. 22-ఏ నిషేధిత జాబితాలో పొరపాటున పడిందేమో కూడా ఒకసారి చూసుకోండి, ఉంటే ఏ కాగితమూ రిజిస్టరు కాదు.

వరస అడిగితే: ముందు దస్తావేజు చదవడం, రెండోది చెల్లెలితో మాట్లాడటం. లాయరు దగ్గరికి ఆ తర్వాతే. చెల్లెలితో ఫోన్లో కాకుండా, వీలైతే మీరే విశాఖ వెళ్ళండి, నాన్నగారి మాటగా చెప్పకండి, మీ మాటగా చెప్పండి. నేను డ్రాఫ్టు రాసే ముందు అందరి దగ్గరా ఒక్కసారైనా విడివిడిగా మాట్లాడతాను, ఎందుకంటే అందరూ కలిసి కూర్చున్నప్పుడు "మీ ఇష్టం నాన్నా" అన్న ఆడపిల్ల, నన్ను గుమ్మం దాకా సాగనంపేటప్పుడు వేరే మాట చెప్తుంది.

ఆ 1981 కాగితం రెండో పేజీలో ఏ మాట ఉందో చూసి, సర్వే నంబర్లు, పేర్లు తీసేసి ఆ వాక్యం మాత్రం ఇక్కడ రాయండి. దాన్ని బట్టి చేను సంగతి మిగతాది చెప్తాను.